క్యారేజీతో తుని దాకా

మా అమ్మాయి హేమశ్రీ చెన్నైలో ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. అప్పటినుంచి నాకు కూర్చోవడం చేతకావడం లేదు. పొద్దున్నే లేచి ఎవరికీ అక్కర్లేని టిఫిన్లు చేస్తాను. తోమిన గిన్నెలే మళ్లీ తోముతాను. దాని గది తుడిచి, తలుపు వేసి, వేశానో లేదో అని మళ్లీ వెళ్లి చూస్తాను.

"కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటే వేణీ? కాసేపు కూర్చో," అంటారు మా ఆయన మురళీకృష్ణ. ఆయనకేం, పొలం ఉంది, పేపరుంది, మాట్లాడుకోవడానికి పక్కింటాయన ఉన్నాడు. ఇరవై రెండేళ్లుగా నాకున్న పని ఒక్కటే. ఆ పని సూట్‌కేసు సర్దుకుని వెళ్లిపోయింది.

అలాంటి సమయంలో, ఆఫీసు ట్రైనింగుకి భువనేశ్వర్ వెళ్తున్నానని, రైలు సామర్లకోట మీదుగానే వెళ్తుందని హేమ ఫోన్ చేసింది. పెద్దాపురంలో ఉండే మాకు సామర్లకోట ఎంత దూరం గనక!

"స్టేషనుకి క్యారేజీ తెస్తాను," అన్నాను.

"వద్దమ్మా. రెండు నిమిషాలే ఆగుతుంది. పైగా నాతో ఆఫీసు వాళ్లుంటారు."

"రెండు నిమిషాలు చాలు."

"ఏసీ బోగీ అమ్మా. కిటికీలు తెరుచుకోవు."

"తలుపుంటుందిగా?"

అది నిట్టూర్చింది. ఒప్పుకుందనుకున్నాను.

మా వైపు ఇదేం కొత్త కాదు. అయినవాళ్లు మన ఊరి మీదుగా రైల్లో వెళ్తున్నారంటే క్యారేజీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడాల్సిందే. మా అమ్మ ఒకసారి మావయ్యకి కిటికీలోంచి పులుసు అందించబోయి పక్క సీటాయన పంచె మీద ఒలకబోసింది. ఆయన కోప్పడేలోపే ఆయనకీ రెండు గారెలు పెట్టేసింది.

ఆ రోజు తెల్లవారకుండానే లేచాను. పనసపొట్టు కూర ఆవపెట్టాను. ముక్కల పులుసు, అన్నం, పెరుగన్నం, అందులోకి మాగాయ. నేను మాత్రం కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు. పిల్ల మీద బెంగతో కాదు, అసలు గుర్తే రాలేదు.

స్టేషన్లో మా ఆయన స్కూటరు స్టాండులో పెట్టడానికి వెళ్లారు. బి-ఫోర్ బోగీ ఎక్కడాగుతుందని అడిగితే ఒకాయన టీ కొట్టు దగ్గరన్నాడు. రైలొచ్చింది. టీ కొట్టు ముందు జనరల్ బోగీ ఆగింది. నా ప్రాణం పోయినంత పనైంది. ఒక చేత్తో క్యారేజీ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని పరుగెత్తాను. "వేణీ, ఆగు!" అని మా ఆయన వెనకనుంచి కేకలు. ఆగితే రైలు ఆగుతుందా? బి-ఫోర్ దొరికింది, తలుపు దగ్గర హేమ లేదు. ఇచ్చేసి దిగిపోదామని ఎక్కాను. సీట్ల మధ్య సగం దూరం వెళ్లానో లేదో, రైలు కదిలింది.

రెండో తలుపు దగ్గర నాకోసం చూస్తున్న హేమ పరుగెత్తుకొచ్చింది. "అమ్మా! బుద్ధుందా నీకు? రైలెక్కేస్తావా? పడితే ఏమయ్యేది?"

అచ్చం నా గొంతు. చిన్నప్పుడు కాలవ గట్టున పరుగెత్తినప్పుడల్లా నేను దాన్ని తిట్టిన తిట్లే. నాకు నవ్వొచ్చింది, నవ్వితే ఇంకా తిడుతుందని ఊరుకున్నాను.

నన్ను కూర్చోబెట్టి వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది. "నాన్నా, కంగారు పడకు. నా దగ్గరే ఉంది. తునిలో దింపుతాను." టీసీ వస్తే తనే లేచి, చెప్పాల్సింది చెప్పి, కట్టాల్సింది కట్టేసింది. నాలుగు నెలల కిందట పోస్టాఫీసుకి కూడా నన్ను తోడు రమ్మన్న పిల్ల ఇది.

నేను క్యారేజీ మూత తీశాను. "తిను."

"ఇప్పుడే తిన్నానమ్మా. రాజమండ్రిలో బిరియానీ తెప్పించుకున్నాం."

"రాత్రికి తిందువుగాని."

"రాత్రికి మాకు అక్కడ డిన్నరుంది. ఈ ఎండకి పాడైపోతుంది కూడా. అందుకే వద్దన్నాను కదమ్మా."

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. హేమ తుని దాకా నా చెయ్యి వదల్లేదు. నేనే మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను.

తునిలో దింపి, నా గుప్పిట్లో డబ్బులు కుక్కింది. "టికెట్ తీసుకో. రైలు పూర్తిగా ఆగాకే ఎక్కు," అంది. రైలు కనుమరుగయ్యేదాకా తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. అప్పుడు గానీ నేనూ చెయ్యెత్తలేదు.

టికెట్ తీసుకున్నాను. రైలుకి ఇంకా చాలా టైముంది. బెంచీ మీద కూర్చున్నాను, లేచాను, బోర్డు చూశాను, మళ్లీ కూర్చున్నాను. క్యారేజీ చూస్తే కడుపు మండింది. ఇంత వంట పారేస్తానా? ఊడ్చే ఆవిణ్ణి పిలిచాను. "ఇప్పుడే తిన్నానండీ," అంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కాలేజీ పిల్లనడిగితే బ్యాగు దగ్గరికి లాక్కుంది. ఒక పెద్దాయన, "నాకు సుగరమ్మా," అంటూ పక్క బెంచీకి మారాడు. తుని స్టేషన్ మొత్తం మీద ఆకలేసిన మనిషి లేడు.

ఒక్కరున్నారు. నేను.

చెయ్యి కడుక్కుని, మఠం వేసుకుని, గిన్నెలు వరసగా పెట్టుకున్నాను. ఇంట్లో అందరికీ వడ్డించి నేను కూర్చునేసరికి మూకుడులో మాడు మిగులుతుంది. కూరలో జీడిపప్పులు ఏరి హేమ కంచంలో వెయ్యడం నాకలవాటు. ఇప్పుడూ ఏరాను. ఎక్కడ వెయ్యాలో తెలియక నోట్లో వేసుకున్నాను. నేతిలో వేగిన పప్పు, ఆవ ఘాటు కలిసి కమ్మగా ఉంది. ఇంకోటి ఏరాను. కూర నిజంగా బాగుంది. ఇన్నేళ్లూ బాగుందంటుంటే మర్యాదకంటున్నారనుకున్నాను.

ఎవరికేం కావాలో చూడ్డానికి తలెత్తాల్సిన పనే లేదు. పులుసన్నం అయ్యేసరికి నాలుగు నెలలుగా నన్ను కూర్చోనివ్వని ఆ దడ గుండెల్లో లేదు. ఎప్పుడు పోయిందో మరి.

పెరుగన్నం గిన్నె తీస్తుంటే ప్యాసింజరు వచ్చింది. జనం పరుగెత్తారు. నేనూ సగం లేచాను. చెయ్యి చూసుకున్నాను, అన్నం చూసుకున్నాను, కూర్చున్నాను. నేను తింటూనే ఉన్నాను, రైలు వెళ్లిపోయింది.

ఫోన్ మోగింది. మా ఆయన.

"ఎక్కావా?"

"లేదండి."

"అయ్యో, తప్పిపోయిందా? ఉండు, స్కూటరేసుకుని వచ్చేస్తాను."

"వద్దండి. తప్పిపోలేదు, నేనే వదిలేశాను. అన్నం తింటున్నాను."

"మరి... నా సంగతేంటే?"

"బియ్యం డబ్బాలో ఉన్నాయి, కుక్కర్ పొయ్యి మీదే ఉంది. సాయంత్రం ఇంకో రైలుందట, దానికొస్తాను లెండి."

ఫోను బెంచీ మీద పెట్టేసి, మాగాయ టెంక తీసుకుని తాపీగా చీకడం మొదలుపెట్టాను.