సున్నా విడాకుల మండలం

నేను ఒక తెలుగు టైపు మిషన్ని. మొదటి ఇరవై ఏళ్లు హైదరాబాదులో, కుటుంబ న్యాయస్థానం గోడ పక్కన, సుదర్శనం అనే టైపిస్టు దగ్గర బతికాను. విడాకుల పిటిషన్లే నా తిండి. ‘క్రూరత్వం’ అన్న మాట కొట్టీ కొట్టీ నా క్రావడి మీట అరిగిపోయింది. దారిన పోయేవాళ్లు అక్కడి రద్దీ చూసి, “పట్నం చెడిపోయింది, పల్లెల్ల ఇట్లుంటదా?” అని మూతి విరిచేవారు. నేనూ నమ్మాను. నాది ఇనుప బుర్ర. వాళ్లకేమైందో!

సుదర్శనం కంప్యూటరు కొనుక్కున్నాక, ఓదెలు అనే ఆయన నన్ను ఉత్తరాన ఉన్న తన ఊరికి తీసుకుపోయాడు. బస్టాండు ఎదురుగా రేకుల షెడ్డులో భూమి దరఖాస్తులు, బడి అర్జీలు కొట్టేవాడు. ఐదేళ్లలో ఒక్క విడాకుల కాగితం కూడా నా రోలరు మీదికి ఎక్కలేదు. ఎంత పుణ్యభూమి అనుకున్నాను.

ఏ ప్రాంతంలో విడాకులు ఎక్కువ, ఎక్కడ తక్కువ అని పరిశోధించే విద్యానాథం అనే ఆచార్యుడు కూడా అదే అనుకున్నాడు. మా మండలం లెక్క సున్నా అని తేల్చాడు. ఊరి పెద్ద కాశీరాం పటేలు ఉబ్బిపోయి సభ పెట్టించాడు. ఆయనకు ఈ ఊళ్లో ఒక ఇల్లాలు, పక్క ఊళ్లో ఇంకో ఇల్లు. విడాకులు మాత్రం లేవు. ఆచార్యుడికి ఇవ్వాల్సిన సన్మాన పత్రాన్ని తానే దగ్గర కూర్చుని నా మీద కొట్టించసాగాడు.

‘మా గడ్డ మీద దాంపత్యం పదిలం’ అన్న వాక్యం సగంలో ఉండగా బాలవ్వ వచ్చింది. నలభై దాటిన మనిషి, బీడీలు చుట్టి బతుకుతుంది. భర్త దుర్గయ్య పదహారేళ్ల కింద మరో ఆడమనిషితో వెళ్లిపోయాడు. పెద్దమనుషులు పంచాయితీ చేసి, మగోడు ఎప్పటికైనా తిరిగొస్తాడని తీర్పు చెప్పి లేచిపోయారు. బాలవ్వ బీడీలు చుట్టిన డబ్బుతోనే కూతుర్ని చదివించింది, రెండు గదుల ఇల్లు కట్టుకుంది. ఇప్పుడు ఆ రెండో ఆమె తరిమేస్తే, దుర్గయ్య పెట్టె పట్టుకొచ్చి మూడు రోజులుగా ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.

“ఓదెలన్నా, నాకు ఇడుపు కాయిదం గావాలె. కోర్టుకు పోత,” అంది.

పటేలు ముఖం మాడిపోయింది. “ఏందే బాలవ్వా! వాడు నీ మొగడు గాదా? ఇంత బువ్వ పెడితే ఏం పోతది? ఎల్లుండి సభ ఉన్నది. ఊరి పేరు ఖరాబు చేస్తవా?”

“నాకు మొగడున్నడని పదారేండ్లు ఎవ్వలు యాది చెయ్యలే పటేలా. ఇంట్ల బియ్యం లేనినాడు చెయ్యలే, బిడ్డకు జరమొచ్చిననాడు చెయ్యలే. ఇప్పుడు ఇల్లు లేసినంక యాదికొచ్చిండా?”

“కోర్టుకెక్కినోళ్లు ఎవలన్న బాగుపడ్డరా?”

“ఎక్కనోళ్లు బాగుపడ్డరా?”

ఓదెలు వేళ్లు ఆగిపోయాయి. అతడు పిరికివాడు, పైగా షెడ్డు పటేలుది. పటేలును చూశాడు, బాలవ్వను చూశాడు. సన్మాన పత్రాన్ని బయటికి లాగి పక్కన పెట్టి, తెల్లకాగితం ఎక్కించాడు. “చెప్పు చెల్లె,” అన్నాడు. మొదటి వరుసలోనే నాలుగు తప్పులు కొట్టాడు. పటేలు తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

సభ జరిగింది. ఈ నేల నీళ్లలోనే దాంపత్యం ఉందని ఆచార్యుడు చెప్పాడట, జనం చప్పట్లు కొట్టారట. ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన ఆదర్శ భర్తగా దుర్గయ్యకు శాలువా కూడా కప్పారట. అతడు ఆ శాలువాతో ఇంటికి వచ్చేసరికి పెట్టె రోడ్డు మీద ఉంది, తలుపుకు తాళం ఉంది. బాలవ్వ కోర్టున్న ఊరి బస్సెక్కింది.

ఆ వారమే షెడ్డు పోయింది. ఓదెలు నన్ను తన ఇంటి అరుగు మీద పెట్టుకున్నాడు. బాలవ్వ కేసు రెండేళ్లు నడిచింది. వాయిదాకు పోయిన రోజల్లా బీడీల పని బందు. అయినా ఒక్క వాయిదా తప్పలేదు. విడాకులు మంజూరయ్యాయి. ఆ ఏడాది ఇంకో తొమ్మిది మంది ఆడవాళ్లు ఓదెలు అరుగెక్కారు. అందరి మొగుళ్లూ ఏనాడో వదిలిపోయినవాళ్లే.

ఇప్పుడు పాత ఇనుము కొట్టులో పడి ఉన్న నాకు బాగా గుర్తున్నది ఆచార్యుడు మళ్లీ ఊరికొచ్చి, ఓదెలు అరుగు దగ్గరికి వచ్చిన రోజు. ఇంట్లో పీనుగ లేచినంత దిగులుగా ఉన్నాడు. పొరుగున ఉండే లచ్చవ్వను వెంటబెట్టుకుని వచ్చిన బాలవ్వ అక్కడే ఉంది.

“ఉన్నట్టుండి ఈ ప్రాంతంలో కాపురాలు ఎందుకు కూలిపోతున్నాయమ్మా?” అని అడిగాడు.

“కూలి శానేండ్లాయె సారూ. ఆళ్లు ఇడిసిపెట్టిపోయిననాడు మీరు లెక్కవెట్టలే. ఇప్పుడు మేం ఇడుస్తున్నం, లెక్కవెడుతుండ్రు.”

ఆచార్యుడు గంభీరంగా తలూపి, పుస్తకంలో ‘టీవీ సీరియళ్ల ప్రభావం’ అని రాసుకున్నాడు.

బాలవ్వ అప్పటికే అటు తిరిగింది. లచ్చవ్వను భుజం పట్టి ముందుకు నెట్టి, “బుగులు పడకు. మొదటికెళ్లి చెప్పు,” అంది. ఓదెలు నాకు కాగితం ఎక్కించాడు.