నొప్పి ఉన్న చోటు

అత్తగారు పోయిన రోజు ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ అయింది. ఉన్నవే నాలుగు. భర్తకొకటి, కొడుక్కొకటి, కూతురికొకటి, అత్తగారికొకటి. తనకి ఐదోది కొందామని కోడలు ఎప్పుడో ఒకసారి అంటే, “నువ్వు కూర్చుంటే కదా కొనడానికి!” అని భర్త నవ్వాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. వంటింటి గట్టుకి ఒరిగి, కంచం చేత్తో పట్టుకుని తినడం అప్పటికే అలవాటైపోయింది.

వారం తిరక్కుండానే ఖాళీ కుర్చీలోకి భర్త ఆఫీసు బ్యాగు వచ్చి చేరింది. మరో నెలకి ఆమెకి నొప్పి మొదలైంది.

బడి మెట్లెక్కుతుంటే కుడివైపు ఎవరో లోపల్నుంచి మెలిపెట్టినట్టుండేది. ఆ పక్కకి తిరిగి పడుకుంటే మెలకువ వచ్చేసేది. ఆమె తరగతి మూడో అంతస్తులో. మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకోవడం హెడ్‌మాస్టరు రెండుసార్లు చూశాడు. “ఎక్కలేకపోతే చెప్పండి టీచరుగారూ, కింద ఆఫీసులో రిజిస్టర్లు రాసే పని ఇస్తాను. తరగతి ఇంకెవరైనా చూసుకుంటారు,” అన్నాడు, మేలు చేస్తున్నట్టే. పంతొమ్మిదేళ్లుగా తరగతిలోని ఆ నలభై మంది పిల్లల ముందు తప్ప మరెక్కడా ఆమె మాట పూర్తిగా విన్నవాళ్లు లేరు. అది పోతే తనకేం మిగులుతుందో ఆమెకి తోచలేదు.

ఇంట్లో మాత్రం అందరికీ అన్నీ తోచాయి. “అమ్మ పోయాక సగం పని తగ్గిందిగా, ఇప్పుడెందుకు నొప్పి?” అని భర్త. “మా అమ్మ ఉన్నన్నాళ్లూ బాగానే ఉన్నావుగా వదినా,” అని ఫోన్లో ఆడపడుచు. ఆమె కూడా తనని తాను అదే అడుక్కుంది. పని తగ్గితే నొప్పి పెరగడమేమిటి? దుఃఖం ఒంట్లోకి దిగుతుందంటారే, అదేనా? కానీ దుఃఖమైతే కుడివైపే ఎందుకు?

డాక్టరు దగ్గర, భర్త పక్కనే కూర్చుని ఉండగా, “నడుము నొప్పండీ,” అంది. నడుముకి ఎక్స్‌రే తీశారు. అంతా బాగుందన్నారు. బెల్టు ఇచ్చారు. రెండు నెలలు బెల్టు బిగించుకుని పాఠం చెప్పింది. నొప్పి రవ్వంత కూడా తగ్గలేదు. “ఎక్స్‌రేలో లేని నొప్పి నీకెక్కణ్ణుంచి వచ్చిందోయ్?” అన్నాడు భర్త.

చివరికి తోటి టీచరు చెబితే, ఒక్కతే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్లింది. ఆ అమ్మాయి నడుము నొక్కింది. “ఇక్కడా?” కాదు. “ఇక్కడా?” కాదు. “చెప్పొద్దు మేడమ్, చేత్తో చూపించండి.”

ఆమె తలుపు మూసి ఉందో లేదో చూసుకుంది. తర్వాత కుడి పిరుదు మీద, తుంటి ఎముక వెనకగా అరచెయ్యి పెట్టింది.

“ఇది నడుము కాదుగా!”

కాదు. బడి గోడ మీది బొమ్మలో ప్రతి అవయవాన్నీ పిల్లల చేత పేరు పెట్టి పలికించే ఆమె, ఆ ఒక్క మాట నోట రాక ఒక జానెడు పైనున్న మాట చెప్పింది. ఆ జానెడు కోసం అయిదు నెలలు పోయాయి.

“ఎప్పుడూ నిలబడేలాగే ఒకసారి నిలబడండి.” ఆమె నిలబడింది. ఆ అమ్మాయి ఆమెని అలాగే అద్దం వైపు తిప్పింది. అద్దంలో మనిషి కుడికాలి మీదే ఒరిగి, తుంటి పక్కకి తోసి, కనిపించని గట్టునేదో ఆనుకుని నిలబడి ఉంది. “ఏళ్ల తరబడి బరువంతా ఈ ఒక్క కండరమే మోస్తోంది మేడమ్. అందుకే నొప్పి. వ్యాయామాలు చెప్తాను, తగ్గుతుంది. ఇంతకీ రోజులో ఎప్పుడు కూర్చుంటారు?”

హోమ్‌వర్కు చెయ్యని పిల్లలా ఆమె నేల చూసింది. గుర్తొచ్చింది ఒకటే. రోజూ సాయంత్రం అత్తగారి మంచం మీద కూర్చుని ఆవిడ మోకాళ్లకి నూనె రాసే అరగంట. లేవబోతే, “ఇంకాస్త రాయవే,” అనేవారు. వంటింట్లోంచి ఎవరైనా పిలిస్తే, “నా దగ్గరుంది, కాసేపాగండి!” అని కసిరేవారు. ఈవిడకి ఎంత చేసినా చాలదని ఆమె ఎన్నిసార్లు పళ్లు కొరుక్కుందో. నూనె ఎప్పుడో ఇంకిపోయిన మోకాళ్లు ఇప్పుడు కళ్ల ముందు మెదిలాయి. ఆవిడ నూనె కోసమే ఆపారా? అడగడానికి మనిషి లేదు. పని తగ్గిందనుకున్నారంతా. తగ్గింది పని కాదు, కూర్చోవడం.

ఆ రాత్రి భోజనాల వేళ ఆమె అత్తగారి కుర్చీలోంచి బ్యాగు తీసి నేల మీద పెట్టింది.

“అదెందుకు తీశావ్?” అన్నాడు భర్త.

“కూర్చోవడానికి.”

“ఎవరొస్తున్నారు?”

“ఎవరూ రావట్లేదు,” అంది.

పిల్లలు తినడం ఆపి చూశారు. ఆమె కంచం తెచ్చి బల్ల మీద పెట్టింది. కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. అక్కడ కర్ర, అత్తగారు పట్టుకుని లేచీ లేచీ నున్నగా అరిగి ఉంది. రెండు పాదాల మీదా సమానంగా నిలబడాలని గుర్తు చేసుకుంది, నిలబడింది. ఆవిడ చోటు తీసుకుంటున్నానా, నాదే నేను తీసుకుంటున్నానా అన్నది ఎంతకీ తేలలేదు. కంచంలో అన్నం చల్లారింది.

బ్యాగు నేల మీదే ఉంది. ఆమె ఇంకా కూర్చోలేదు.