పక్క పటంలో చూడండి

మా వదిన, అంటే మావారి అక్కగారు, టీ కాయడానికి కూడా ప్రణాళిక వేసే మనిషి. నీళ్లు ముందా పొడి ముందా అని మనం తేల్చుకునేలోపు ఆవిడ కప్పులు కడిగి బోర్లించేస్తుంది. ఆవిడకి తమ్ముడైనందుకు మావారూ, ఆ తమ్ముణ్ణి కట్టుకున్నందుకు నేనూ పోయిన జన్మలో ఏం చేసుకున్నామో! చూపులేని పిల్లలకి పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసిచ్చే సంఘమొకటి పెట్టింది. ఇంట్లో ఖాళీగా ఉన్నానన్న నేరానికి నన్నూ అందులో వేసింది.

సంఘమంటే నలుగురం, లైబ్రరీ మేడమీద ఒక గది. చప్పుడు రాకుండా కిటికీలకి పాత దుప్పట్లు కట్టాం. రికార్డింగప్పుడు ఫాను ఆపాలి. సేవంటే చెమటని నాకక్కడే తెలిసింది. చదివేది రిటైరైన బస్సు కండక్టరుగారు. పేరా అయినప్పుడల్లా స్టేజీ వచ్చినట్టు ఆగుతారు. రికార్డింగు మిషను నడిపేది టైలరుగారు. ఆయన రోజు మొత్తమ్మీద ఆడే మాటలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. తప్పులు పట్టడం నా పని. ఇంట్లో అలవాటైన విద్యే.

ఒకరోజు ఒకమ్మాయి వచ్చింది. పన్నెండు రోజుల్లో భూగోళం పరీక్ష. గట్టెక్కితేనే టీచరు ట్రైనింగులో సీటు. పోయినసారి ఐదు మార్కుల్లో పోయిందిట. ఇదే ఆఖరి అవకాశం.

పది పాఠాలు, రోజుకి రెండు అని వదిన గోడకి కాగితం అంటించింది. మొదటిరోజే చిక్కొచ్చింది. కండక్టరుగారు "పక్క పటంలో చూడండి" అని చదవగానే టైలరుగారు మిషను ఆపేశారు.

"ఏమైందండీ?" అంది వదిన.

"ఆ పటం..."

"బాగానే ఉందిగా పటం. కానివ్వండి."

మళ్లీ పటం వచ్చింది. మళ్లీ మిషను ఆగింది. నాలుగోసారికి వదినకి ఒళ్లు మండింది. "బండికి బ్రేకులుండాలి, కాదనను. బ్రేకులే బండైతే ఊరు చేరేదెప్పుడండీ?"

నేను కిసుక్కున నవ్వాను కూడా. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. మర్నాటినుంచి టైలరుగారు రాలేదు. మిషను నా చేతికొచ్చింది. తప్పులు పట్టే నేను ఎక్కడా ఆపలేదు.

ఐదురోజుల్లో పుస్తకం పూర్తయింది. రికార్డింగు విన్న మర్నాడే అమ్మాయి మళ్లీ వచ్చింది.

"చాలా బాగా చదివారండీ. ఒక్కటే సందేహం. పక్క పటంలో చూడమని ముప్పైసార్లు చెప్పారు. ఎలా చూడాలండీ?"

ఫాను తిరుగుతూనే ఉంది, అయినా అందరికీ చెమట పట్టింది. పటాలకే ఇరవై మార్కులు. పరీక్షలో తడిమి గుర్తుపట్టే పటం ఇస్తారట.

"దానికేం, నే చెప్తా తల్లీ!" అన్నారు కండక్టరుగారు. "నది ఇక్కడ పుట్టి, అలా వంపు తిరిగి, ఇదుగో ఇలా..." అంటూ రెండు చేతులూ గాల్లో ఊపారు.

"ఎలా అండీ?" అంది అమ్మాయి.

ఆయన చేతులు దించేశారు.

"టైలరుగారి దగ్గరికి వెళ్దాం వదినా. ఆయనేదో చెప్పబోయారు," అన్నాను. వదిన చెప్పులేసుకుంది. అమ్మాయినీ వెంటబెట్టుకుని అందరం బయల్దేరాం.

కొట్లో కత్తిరింపుల బల్లమీద మూడు అట్టలున్నాయి. నదులకి లావు దారం, కొండలకి మడతలు పెట్టి కుట్టిన గుడ్డ, ఊళ్లకి బొత్తాలు.

"నోటితో చెప్పడం నాకు చాతకాదమ్మా," అన్నారాయన. "చెయ్యి ఆడితేనే బుర్ర ఆడుతుంది. ఇంకా ఏడున్నాయి."

అమ్మాయి వేలు దారం వెంట వెళ్లి సముద్రం దగ్గర ఆగింది. నవ్వింది. అంతలోనే వెనక్కొచ్చింది. "ఈ ఊరు నదికి దక్షిణాన ఉందేంటండీ? పాఠంలో ఉత్తరం అన్నారు."

టైలరుగారు నాలిక్కరుచుకుని బొత్తం ఊడదీశారు. వరస తప్పకుండా వదిన చదివించబట్టే ఆ పిల్లకి పాఠం అంత గట్టిగా పట్టుబడింది మరి.

వదిన అక్కడే కాగితం తీసి ఏ రోజు ఏ పటమో రాసేసింది. కండక్టరుగారు అమ్మాయి పక్కన కూర్చుని "కిందికి దించమ్మా... మలుపు... ఆగాగు, పెద్ద ఊరొచ్చింది!" అంటూ వేలిని నడిపించారు. నేను సూదులకి దారాలెక్కించాను. సాయంత్రానికి ఆ పిల్ల ఒక పటం మొత్తం తడబడకుండా చెప్పేసి, "ఈసారి భయంగా లేదండీ" అంది.

ప్యాంట్లు పొట్టి చేయించుకోడానికొచ్చిన ఇద్దరు చూస్తుండగానే వదిన లేచి నిలబడింది.

"టైలరుగారూ, తప్పు నాదండీ. మీరు పనికి అడ్డం పడుతున్నారనుకున్నాను. మాలో ఈ పిల్ల గురించి ఆలోచించింది మీరొక్కరే."