డీజిల్ బండికి ఐదేళ్లు

మా పాత పికప్ పెట్రోలు బండి. ఆ ఏడాది జూలైతో దాని ఫిట్‌నెస్ గడువు అయిపోతుంది. మళ్లీ పాస్ చేయించాలంటే బండి ఖరీదంత ఖర్చవుతుందని మెకానిక్ ముందే చెప్పేశాడు. శ్రావణమాసం పెళ్లిళ్లు మొదలయ్యేలోగా కొత్త బండి కొనాలి, లేదా దుకాణం మూసుకోవాలి.

దుకాణమంటే మదీనాగూడలో మా టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, గరిటెలు కిరాయికి ఇస్తాం. తణుకు నుంచి వచ్చిన కొత్తలో నేను ఒక చిట్‌ఫండ్ కంపెనీలో లెక్కలు రాసేవాణ్ని. అది మూతపడ్డాక ఈ వ్యాపారం పెడదామన్నది నా భార్య జయంతి. అప్పుడు మాదాపూర్‌లో ఒక్కొక్క అద్దాల భవనమే లేస్తోంది. శంకుస్థాపనలకు షామియానాలు వేశాం. తర్వాత అవే భవనాల్లో ఉద్యోగాలకొచ్చిన పిల్లల పెళ్లిళ్లకు వేశాం. ఆ పిల్లలు నల్లగండ్లలో ఫ్లాట్లు కొనుక్కుంటే గృహప్రవేశాలకూ మా గుండిగలే వెళ్లాయి. మాకు పిల్లలు లేరు. జయంతి పోయి రెండేళ్లయింది.

ఇప్పుడు నాతో పనిచేసేది మల్లయ్య ఒక్కడే. ఖాజాగూడ మనిషి, నలభై దాటాయి. బండి నడిపేదీ, సామాను దించేదీ, గుంజలు పాతేదీ అతనే. జయంతి పోయిన కొత్తలో ఒకరోజు ఇద్దరం టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టు అతను అలవాటు కొద్దీ నా ముందు వన్ బై టూ పెట్టేశాడు, నాకొక సగం, జయంతికొక సగం. నేను ఆ రెండో గ్లాసు వైపు చూస్తుండగానే మల్లయ్య చటుక్కున తీసుకుని తాగేశాడు. అతనికి చక్కెర జబ్బు. తియ్యటి టీ ముట్టడు.

మియాపూర్ షోరూమ్‌లో చిన్న పికప్ రెండు రకాలుగానూ ఉంది. డీజిల్‌ది ఎనభై వేలు ఎక్కువ. అక్కడి కుర్రాడు చల్లటి నీళ్లిచ్చి అడిగాడు.

"రన్నింగ్ ఎంత ఉంటుంది సార్? ఎన్నేళ్లు పెట్టుకుంటారు? ఈ రెండూ చెప్తే ఏది తీసుకోవాలో నేను చెప్తాను."

రన్నింగ్ చెప్పగలిగాను. రెండో ప్రశ్నకు, ఆలోచించుకుని వస్తానని లేచాను.

మా ఇంట్లో పాత శుభలేఖలకు కొదవ లేదు. కిరాయికి వచ్చిన ప్రతివాళ్లూ ఒకటి ఇచ్చి వెళ్తారు. వాటి వెనుక తెల్లగా ఉంటుంది. ఆ సాయంత్రం ఒకదాని వెనుక లెక్క వేశాను. పెట్రోలు డెబ్బై దాటింది, లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇస్తుంది. డీజిల్ నలభై ఐదు దగ్గర ఉంది, పదహారు ఇస్తుంది. కిలోమీటరుకు మూడు రూపాయలు మిగులు. మొదటిసారి వేసినప్పుడు మూడేళ్లలోపే ఆ ఎనభై వేలు తిరిగొచ్చేలా కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, నెలకు పాతిక రోజులు బండి తిరుగుతుందని రాశానని. ఆషాఢంలో పెళ్లెవరు చేస్తారు? మూఢంలో ఎవరు చేస్తారు? ఆ నెలల్లో బండి నీడలోనే ఉంటుంది. పైగా బందులు. ఇంకో చిత్రం, ఆ ఏడాది మా షామియానాలు నాలుగు తెలంగాణ దీక్షా శిబిరాల్లో ఉన్నాయి. ఒకసారి వేసి వస్తే నెలల తరబడి అక్కడే ఉంటాయి. కిరాయి వస్తుంది, బండి మాత్రం కదలదు. ఇవన్నీ తీసేసి, డీజిల్ ఇంజన్‌కు సర్వీసు ఖర్చు కాస్త ఎక్కువని కలిపి మళ్లీ వేస్తే దాదాపు ఐదేళ్లు తేలింది.

అంటే ఐదేళ్లకు పైన నడిపేవాడికి డీజిల్. రెండు మూడేళ్లలో వదిలించుకునేవాడికి పెట్రోలు.

జయంతి తమ్ముడు ఉదయ్ భాస్కర్ తణుకు నుంచి వారానికొకసారి ఫోన్ చేస్తాడు. రాష్ట్రం విడిపోతుందన్న వార్త టీవీలో వచ్చిన రోజైతే తప్పకుండా చేస్తాడు.

"బావగారూ, ఇంకా ఆ ఊళ్లో దేనికండీ? మేడమీద గది ఖాళీగానే ఉంది. కొత్త బండీ వద్దు, ఏమీ వద్దు. అమ్మేసి వచ్చెయ్యండి."

"ఇక్కడ నన్నెవరూ ఏమీ అనడం లేదు ఉదయ్."

"అనకపోవచ్చండి. అసలు అనడానికైనా మీకు అక్కడ ఎవరున్నారు?"

అతను నొప్పించాలని అనలేదు. మంచివాడు. కానీ ఫోన్ పెట్టేశాక ఫ్లాట్‌లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్న బీరకాయ కూర పొట్లం విప్పాను. వాళ్లు ఒక మనిషికి సరిపడేంత చిన్న పొట్లం కడతారు. అడగకుండానే కడతారు. అదీ ఒక దయే అనుకున్నాను కానీ, ఆ పూట అది మరీ చిన్నదిగా కనిపించింది. తింటూనే నిర్ణయించుకున్నాను. పెట్రోలు బండి తీసుకుంటాను. రెండేళ్లు నడిపి, ఉన్నదంతా అమ్మి తణుకు వెళ్లిపోతాను. సోమవారం షోరూమ్‌కు వెళ్లి చెప్పాలి.

మల్లయ్యకు చెప్పలేదు. అతను మాత్రం రోజూ అదే మాట.

"డీజిలే తీస్కుందం సార్. సోచాయించుడెందుకు?"

"ఐదేళ్లు పడుతుంది మల్లయ్యా, డబ్బు తిరిగి రావడానికి."

"పడనియ్‌రి. ఐదేండ్లల్ల మనమేడికి పోతున్నం?"

నేను తాడు చుట్టి బండిలో పడేశాను.

ఆ శనివారం మల్లయ్య తల గోక్కుంటూ నిలబడ్డాడు. "సార్, రేపు రోడ్డు మీద వంటావార్పు ఉంది. మన గంజులు కావాలె." గుండిగలను వాళ్లు గంజులంటారు. ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే పంక్తి తీర్చి తినడం.

"తీసుకెళ్లు. కిరాయి వద్దులే."

"వద్దంటే ఊకోరు సార్. ఆంధ్ర సారు దగ్గర ఊకెనే తెచ్చిన్రని రేపు మాటొస్తదంట. కమిటీల తీర్మానం జేసిన్రు, కిరాయి ఇయ్యాలెనని."

నవ్వొచ్చింది. మర్నాడు నేనూ బండెక్కాను. గుండిగలు ఎక్కడికి వెళ్తే అక్కడికి ఇద్దరిలో ఒకరం వెళ్లడం జయంతి పెట్టిన నియమం.

ముంబై హైవే అంత ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. వాహనాలు దూరంగా ఆగిపోయాయి. తారు మీద రాళ్ల పొయ్యిలు, పొగ, గులాబీ కండువాలు, డప్పులు. మా గుండిగలు దించుతుంటే ఒక కుర్రాడు అరిచాడు.

"ఏం రావు సాబ్, మా ఉద్యమంల గూడ నీకు గిరాకేనా!"

"ఒక్క పూటే పెట్టారు. రెండు పూటలూ పెడితే ఇంకా బాగుండేది," అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. పెద్ద గరిటె పట్టుకున్న ఒక ముసలమ్మ మాత్రం నవ్వలేదు. మదీనాగూడ పాత ఊరామె, రుక్కమ్మ. వంట పెత్తనమంతా ఆమెదే. గుండిగ అడుగు చేత్తో తడిమి, గోటితో గీకి, వాసన కూడా చూసింది.

"ఎవలు తోమిన్రు?"

"మేమేనమ్మా. నేనూ మల్లయ్యా."

"మగోళ్లు తోమినట్టు లేదు. మంచిగనే ఉంది," అని బియ్యం పోసింది.

మధ్యాహ్నానికి అన్నం, పప్పుచారు తయారయ్యాయి. ఆగిపోయిన లారీ డ్రైవర్లను కూడా పిలుచుకొచ్చి కూర్చోబెట్టారు. నేను బండి దగ్గరే నిలబడ్డాను. ఇన్నేళ్లుగా ఎన్ని పెళ్లిళ్లకు గిన్నెలిచ్చినా, నేనూ జయంతీ ఏ పంక్తిలోనూ కూర్చోలేదు. అందరూ లేచాక గుండిగల పక్కన నిలబడి తినేవాళ్లం, అడుగున ఎంత మిగిలిందో చూసుకుంటూ.

"ఓ సారూ! గంజులకు కావలి కాస్తున్నవా? ఎవలు ఎత్తుకపోరు గని, వచ్చి కూసో!" రుక్కమ్మ కేక పెట్టింది.

ఒక లారీ డ్రైవర్‌కూ మల్లయ్యకూ మధ్య చోటు చేశారు. తారు వేడి పంచెలోంచి తగులుతోంది. విస్తట్లో అన్నం పడింది. పక్కవాడి మోచెయ్యి తగులుతుండగా తిని ఎంత కాలమైందో! రెండోసారి వడ్డించమని నేనే చెయ్యి చాపాను.

తిన్నాక రుక్కమ్మ వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. చెంగుతో మొహం తుడుచుకుంది.

"అడుగు మందంగున్నయ్ నీ గంజులు. ఒక్క మెతుకు మాడలే. ఒక మాట అడుగుత, నిజం జెప్పు. రేపు తెలంగాణ వస్తది. వచ్చినంక నువ్వు ఉంటవా, పోతవా?"

మల్లయ్య నీళ్లు తాగుతున్నవాడల్లా ఆగిపోయాడు. నాకు జవాబు సిద్ధంగా ఉంది, రెండేళ్లని. కానీ విస్తరి అంచు మడుస్తూ కూర్చున్నాను.

ఆమే మళ్లీ అందుకుంది. "మా మనుమరాలు ఇంటర్ల ఉంది. గా అద్దాల బిల్డింగులల్ల నౌకరి జేస్తదట. నౌకరొచ్చినంకనే లగ్గమంటది మొండిది. ఆరేండ్లయితదో, ఏడేండ్లయితదో. దాని లగ్గానికి నాకు ఇవే గంజులు కావాలె."

చెంగు ముడి విప్పి, ఐదు రూపాయల బిళ్లలు రెండూ, రూపాయి బిళ్ల ఒకటీ నా ముందుకు చాపింది.

"పట్టు, బయానా."

నా చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. ఇన్నేళ్ల అలవాటు. ఎదుటివాళ్లు బయానా అంటే అరచెయ్యి చాపడం తప్ప దానికింకేమీ తెలియదు. బిళ్లలు చేతిలో పడ్డాక గానీ ఏం చేశానో అర్థం కాలేదు. మా వ్యాపారంలో ముందు తేదీ అడుగుతాం. తేదీ కుదిరాకే బయానా తీసుకుంటాం. ఒకసారి తీసుకుంటే పిడుగులు పడ్డా గిన్నెలు వెళ్లి తీరాలి. జయంతి జ్వరంతో ఉండి కూడా ఒక్క బయానా తిప్పి ఇవ్వలేదు.

"సార్!" మల్లయ్య పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "తారీఖు అడుగకుండనే పట్టిన్రు! మేడమ్ ఉంటే ఇయ్యాల మీకు బువ్వ పెట్టకపోవు!"

"తిన్నాడు గద, ఇగ పెట్టేదేంది?" అంటూ రుక్కమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. "జబాన్ ఇచ్చినవ్ సారూ. యాదికుంచుకో."

నేను నోటితో ఏ మాటా ఇవ్వలేదు. కానీ బిళ్లలు తిరిగి ఇవ్వలేదు కూడా.

సాయంత్రం గుండిగలు కడిగి బోర్లించి ఫ్లాట్‌కు వెళ్లేసరికి ఉదయ్ ఫోన్ చేశాడు. టీవీలో హైవే చూశాడట.

"బావగారూ, బాగున్నారా? గొడవేం జరగలేదు కదా?"

"భోజనం చేసి వచ్చాను. ఉదయ్, ఒక బయానా తీసుకున్నానయ్యా."

"తిప్పి ఇచ్చెయ్యండి. ఎప్పటికి పెళ్లి?"

"ఆరేడేళ్లకు."

అవతల టీవీ కట్టేశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. కాదు.

"మా అక్క కూడా ఇంతేనండి. సరే, ఆ గది మాత్రం అలాగే ఉంచుతాను. ఎండాకాలం వచ్చి పది రోజులైనా ఉండండి," అన్నాడు మెల్లగా.

సోమవారం షోరూమ్ కుర్రాడు మళ్లీ అదే అడిగాడు. ఏడేళ్లని చెప్పాను. డీజిల్ బండి రాయించాను. అప్పు తీసుకున్నాను, జయంతి కుట్టు మిషన్ తప్ప ఇంట్లో పాతవన్నీ అమ్మాను. పాత పికప్ తుక్కువాడి వెంట వెళ్లిపోయిన రోజు, కిటికీ పక్క సీటు మీద జయంతి పరిచిన చారల దుప్పటి ముక్కను మల్లయ్య ముందే తీసి ఉతికి ఉంచాడు. కొత్త బండిలో అదే చోట పరిచాడు. సైజు సరిపోలేదు.

కొత్త బండితో ఇంట్లో ఉండే నిశ్శబ్దం ఏమీ మారలేదు. సాయంత్రం తాళం తీస్తే అదే ఫ్రిజ్, అదే చిన్న పొట్లం. పగలు మాత్రం డీజిల్ ఇంజన్ మోతకు మల్లయ్య అరిచి మాట్లాడాలి, నేనూ అరిచి జవాబు చెప్పాలి. రోజుకు అన్ని మాటలు నేను మాట్లాడి చాలా కాలమైంది.

రెండు సంక్రాంతులు గడిచాక డీజిల్ ధర నెలనెలా కాస్త కాస్త పెంచుతామని ప్రకటన వచ్చింది. పెట్రోలుకూ దానికీ మధ్య దూరం తగ్గడం మొదలైంది. బంకులో నిలబడి, జేబులో ఉన్న ఒక శుభలేఖ వెనుక మళ్లీ లెక్క వేశాను. ఐదేళ్లలో రావాల్సిన డబ్బు ఆరున్నర ఏళ్లకు గానీ వచ్చేలా లేదు.

"తప్పింది మల్లయ్యా, నా లెక్క," అన్నాను.

"ఎంత తప్పింది?"

"ఇంకో ఏడాదిన్నర ఎక్కువ నడిపితే తప్ప గిట్టదు."

"గంతేనా! ఫికరెందుకు సార్? నడుపుదం," అని తాళం తిప్పాడు.

బండి ఒళ్లంతా అదిరింది. డ్యాష్‌బోర్డు గూట్లో ఉన్న రుక్కమ్మ బిళ్లలు మూడూ గలగలమన్నాయి.