పొయ్యి ఎన్నేళ్లకు గిట్టుబాటు?

అక్కాతమ్ముళ్లకు చెరిసగం వాటా ఉన్న బేకరీ అది. ముప్పై లక్షల కొత్త పొయ్యి కొందామని తమ్ముడు కాగితం తెచ్చాడు.

"ఏటా పదిహేను లక్షల అమ్మకం పెరుగుతుంది. రెండేళ్లలో పెట్టుబడి వెనక్కొస్తుంది. సంతకం పెట్టక్కా."

అక్కకు ఒళ్లు మండింది. "అమ్మకం చూసి లెక్కేస్తార్రా ఎవరైనా? పిండి, కరెంటు, జీతాలు పోగా మిగిలేది మూడు లక్షలు. అంటే పదేళ్లు. ఆ పొయ్యి ఎనిమిదేళ్లకే మూలపడుతుంది."

"నీకు వ్యాపారం ఏం తెలుసు?" అన్నాడు వాడు, పనివాళ్లందరి ముందూ.

పన్నెండేళ్లుగా ఆ పిండి పిసికింది ఆమే. కాగితాన్ని పరపరా చింపి వాడి చేతిలో పెట్టింది. "నా సంతకం లేకుండా ఎలా కొంటావో చూస్తాను!"

మర్నాడు వాడు మళ్లీ లెక్కేసుకుని, పదేళ్లేనని ఒప్పుకున్నాడు. కానీ పనివాళ్ల ముందు వాడన్న ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. నెల రోజులు వాడితో మాట్లాడలేదు.