పన్నెండుకి పన్నెండూ తప్పే

చెంచయ్య పచ్చిమిరపకాయని చెరుకుముక్కలా నములుతాడని ప్రత్తిపాడంతా చెప్పుకుంటుంది. ఇంత పేరున్న మనిషి ఏడాదిగా చప్పిడి కూడు తింటున్నాడు. కడుపులో పుండు. ఈ సంగతి డాక్టరుకీ, భార్య కోటిరత్నానికీ తప్ప మూడో మనిషికి తెలియదు. మీరావలికి తెలిస్తే మాత్రం ఇక సెంటర్లో తలెత్తుకోలేడు. చిన్నప్పటి నుంచీ కారం తినడంలో అతనికి పోటీ మీరావలి ఒక్కడే.

సరిగ్గా అలాంటప్పుడు, కారం తినేవాళ్ల నాలుకలు ఎంత మొద్దుబారాయో కొలిచేవాళ్లు ఊళ్లో దిగారు.

పంచాయతీ ఆఫీసు గదిలో ఎర్రలైటు వెలుగుతోంది. నీళ్ల రంగు చూసి ఎవరూ పసిగట్టకూడదని ఆ ఏర్పాటు. పరిశోధన చేసే అమ్మాయి శ్రీరమ్య బల్ల మీద మూడు కప్పులు పెట్టింది.

“రెండింట్లో మంచినీళ్లండి. ఒకదాంట్లో రవ్వంత కారం. అదేదో చూపించాలి. తెలియకపోయినా సరే, ఏదో ఒకటి చూపించాల్సిందే. ఇలా పన్నెండుసార్లు.”

“ఇంతోటి కారానికి నా నాలుక నిద్రయినా లేవదమ్మా,” అన్నాడు చెంచయ్య.

మొదటి కప్పు పుక్కిలించి ఉమ్మాడు. నీళ్లే. రెండో కప్పుకి నాలుక చివర చుర్రుమంది. ముఖం కదలనివ్వలేదు. కారం తినడం మానేసిన నాలుక పసిపిల్లాడి నాలుకలా లేతబడిపోయింది. ఆ మాట ఇక్కడ తేలిందంటే ఊరంతా పాకుతుంది. తన పరీక్ష ముగించుకున్న మీరావలి బయట అరుగు మీదే కాచుకుని ఉన్నాడు.

చెంచయ్య మూడో కప్పు చూపించాడు.

అక్కణ్ణించీ అదే ఎత్తు. కారం తగ్గుతూ వచ్చింది. చివరికి దోమ కాలంత మిగిలింది. దాన్నీ పట్టేశాడు. పట్టేసి, పక్క కప్పు చూపించాడు.

శ్రీరమ్య కంప్యూటర్ చూసి నవ్వాపుకుంది. “పన్నెండుకి పన్నెండూ తప్పేనండి.”

“చెప్పాగా, మొద్దు నాలుకని.”

“మొద్దు నాలుకైతే ఇలా రాదు బాబాయిగారూ. కళ్లు మూసుకుని చూపించినా మూడింట ఒకటి తగులుతుంది. నాలుగో అయిదో ఊరికే కలిసిరావాలి. ఒక్కటీ తగల్లేదంటే, కారం ఎక్కడుందో తెలిసే ప్రతిసారీ దాన్ని తప్పించారు.”

చెంచయ్య అరుగు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. “అమ్మా, ఈ మాట బయటికి...”

“పేర్లు బయటికి రావండి. కానీ ఈ అబద్ధాలు నేనేం చేసుకోను? పొద్దున్నుంచి వచ్చింది ఇద్దరే. ఇద్దరూ ఇంతే,” అనేసి నాలుక కరుచుకుంది.

తనకి ముందు లోపలికి వచ్చినవాడు మీరావలి.

“మళ్లీ పెట్టమ్మా,” అన్నాడు చెంచయ్య హుషారుగా. ఈసారి పన్నెండూ సరిగ్గా చూపించాడు.

బయటికి రాగానే మీరావలి లేచాడు. “ఏరా, ఎన్ని తప్పాయి?”

“పన్నెండూ.”

“నాకూ అంతే. మన నాలుకలకి ఆ నీళ్లొక లెక్కా?”

నీ గుట్టు నాకు తెలుసన్న మాట చెంచయ్యకి నోటిదాకా వచ్చింది. అనేస్తే వీడి గుట్టుతో పాటు తనదీ బయటపడుతుంది. మింగేశాడు.

సెంటర్లో బజ్జీల బండి గౌస్ బాషా వీళ్లని చూస్తూనే అలవాటుగా రెండు పెద్ద మిరపకాయలు పిండిలో ముంచాడు. మీరావలి గుటక వేయడం చెంచయ్య కంటపడింది.

“గౌసూ, ఇవాళ అరటికాయ బజ్జీ వెయ్. ఇద్దరికీ.”

మీరావలి బండికి దగ్గరగా జరిగాడు.

“చట్నీ వద్దు,” అన్నాడు.