విభూతి బుధవారం దాటిన పాట

1946 డిసెంబరు 11, బుధవారం సాయంత్రం ఆరున్నరకూ ఏడుకూ మధ్య, బ్రిటిషువాళ్ళ ఏలుబడిలోని దీవి నగరం పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని బెల్మాంట్ పేటలో రమ్ము దుకాణం నడిపే జోవాకిం గౌవేయాను, దుకాణం వెనక పెరట్లో ఎవరో మెడ మీద నరికి చంపారు. ఒకటే వేటు. చూసినవాళ్ళు లేరు. దుకాణంలో వస్తువేదీ పోలేదు.

మర్నాడు ఉదయం పోలీసులు కత్‌బర్ట్ లెజామాను పట్టుకున్నారు. గాడిదబండి మీద కొబ్బరిబోండాలు అమ్మే మనిషి, వయసు ముప్ఫై నాలుగు. వీధిలో అందరూ కట్టీ అనేవారు. హత్య జరిగిన రోజు పొద్దున, తన మెట్ల ముందు బండి నిలబెట్టాడని గౌవేయా ఆ గాడిద మీద వేడినీళ్ళు పోశాడు. "నీ తలకాయ బోండాం కొట్టినట్టు కొడతా" అని కట్టీ పదిమంది ముందు అన్నాడు. బోండాలు కొట్టే కత్తి అతని బండిలో దొరికింది. పరీక్షకు పంపారు. నెత్తురు మరక కనబడలేదు.

ఈ సంగతి పదమూడో తేదీ పేపర్లో లోపలి పేజీలో వచ్చింది. థియోఫిలస్ క్వామినా దాన్ని చెప్పుల దుకాణంలో చదివాడు. పగలు చెప్పులు కుట్టేవాడు. ఏటా ఈస్టర్ ఉపవాసాలకు ముందొచ్చే కార్నివాల్ పండగకు ఆరువారాల ముందునుంచి, టిక్కెట్టు పెట్టి కొత్తపాటలు వినిపించే డేరాలో పాడేవాడు. పాటగాడన్నాక బిరుదు ఉండాలి. అతని బిరుదు లార్డ్ కంపాస్. తొమ్మిదేళ్ళుగా ఊరంతా అతన్ని కంపాస్ అనే పిలిచేది. అసలు పేరు ఇంటి ఓనరుకూ చర్చి ఫాదరుకూ మాత్రమే గుర్తుంది.

ఆ ఏడాదికి అతని దగ్గర మంచి పాట లేదు. డేరాలో కొత్తపాట లేని మనిషిని నాలుగో రోజుకే జనం కిందికి దింపేస్తారు. కట్టీ కథ పాటకు బాగా కుదిరింది, ఒక్కచోట తప్ప. కత్తి మీద నెత్తురు లేదు. వింటున్నవాడు అక్కడ ఆగి "మరి నెత్తురేది?" అంటాడు. కంపాస్ రెండు రోజులు ఆలోచించి ఆ సందు పూడ్చాడు.

*వీధి కొళాయిలో కత్తి కడిగాడు కట్టీ,*
*ఎర్రటి నీళ్ళు పారాయి కాలువ పట్టి,*
*నా రెండు కళ్ళతో చూశాను, ఒట్టు పెట్టి.*

ఆ వారమంతా కంపాస్ బెల్మాంట్ వైపు వెళ్ళనే లేదు. చూశానని పాడటం పాటగాళ్ళ పద్ధతి. ఓడ మునిగినా, మంత్రిగారి పెళ్ళాం లేచిపోయినా పాటగాడు అక్కడే ఉంటాడు, కళ్ళారా చూస్తాడు. విన్నాననే పాటగాణ్ణి ఎవరూ వినరు.

పాటలన్నీ ముందుగా పోలీసులకు చూపించాలి. పోలీసులు ఆలస్యంగా వచ్చారన్న పాదాన్ని అక్కడి అధికారి కొట్టేశాడు. మిగతాదానికి అభ్యంతరం లేదన్నాడు. పాటలో ఉన్నది కట్టీ అనే పిలుపేగాని, కోర్టు కాగితాల్లో ఉన్న పేరు కాదు.

జనవరి 6న డేరా తెరిచారు. మొదటి రోజే ఆ పాట నాలుగుసార్లు పాడించుకున్నారు. రెండో వారానికి ట్రామ్ ఎక్కినవాళ్ళూ బట్టలుతికేవాళ్ళూ పాడుతున్నారు. జనవరి 17న ఒక రికార్డు కంపెనీ మనిషి కంపాస్‌ను గ్రామఫోను దుకాణం మేడ మీదికి తీసుకెళ్ళి, మైకు ముందు నిలబెట్టి పాడించాడు. రికార్డు న్యూయార్క్‌లో అచ్చవుతుందన్నాడు. కంపాస్ అంతకుముందు రెండు రికార్డులిచ్చాడు. అవి అక్కడెవరో కొనుక్కున్నారని విన్నాడేగాని, తన పేటలో వాటి మొహం చూసినవాళ్ళు లేరు.

వారం తర్వాత, డేరా తెరవకముందే, ఒకావిడ వెనక గుమ్మం దగ్గర నిలబడింది. కట్టీ భార్య యూలలీ.

"కంపాసన్నా, నేనెవరో తెలుసా?"

"తెలుసమ్మా."

"మా కట్టీ ఆ కత్తి కడగలేదు. ఆ సాయంత్రం ఇంట్లోనే ఉన్నాడు, గాడిద వీపుకి మందు రాస్తా. నేను చెప్తే పెళ్ళాం మాట అంటున్నారు. నువ్వు చూశానని పాడుతున్నావు. చూశావా?"

"లేదు."

"మరి?"

"పాటమ్మా. పాటలో అలాగే అంటాం. నీకు తెలీదా?"

"నాకు తెలుసు. ఊరికి తెలుసా?"

కంపాస్ స్టూలు జరిపి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"కోర్టులో కేసెప్పుడు?"

"ఈస్టర్ అయినాక. ఏప్రిల్ పద్నాలుగు."

"అయితే విను. ఇవాళ నేను పాట మానేశాననుకో, రేపు డేరా అంతా అదే అడుగుతుంది. కంపాస్ నోరు ఎవరు కుట్టేశారంటారు. ఇంకా గట్టిగా పాడతారు. ఇరవై ఆరు రోజులు ఓర్చుకో. విభూతి బుధవారం వస్తుంది. ఆ పొద్దున్నుంచి ఈ ఊళ్ళో ఎవడైనా పాట ఎత్తుతాడా? నిరుటి పాట ఒక్కటి చెప్పు, చూద్దాం."

యూలలీ ఆలోచించింది. నిరుటి పాట ఆమెకు గుర్తు రాలేదు.

ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరైనా ఆ లెక్కే వేస్తారు. కార్నివాల్ మంగళవారంతో ఆ ఏటి పాటలకు ఆయుష్షు తీరుతుంది. మర్నాడు నుదుట విభూతి పెట్టించుకున్నాక, ఈస్టర్ దాకా నలభై రోజులు తపస్కాలం, పాట పాడటం తప్పు. ఈస్టర్ తర్వాత పాత పాట పాడితే నవ్వుతారు. జ్యూరీలో కూర్చునేవాళ్ళు కూడా ఆ ఊరివాళ్ళే.

"బుధవారం దాటితే పోతుందంటావు," అంది.

"ఎప్పుడు పోలేదు గనక?"

"సరే అన్నా," అని ఆమె వెళ్ళిపోయింది. రికార్డు సంగతి కంపాస్ చెప్పలేదు. అది చెప్పవలసిన విషయమని అతనికి తోచలేదు.

ఫిబ్రవరి 19 విభూతి బుధవారం. డేరా విప్పేశారు. వీధులు ఊడ్చారు. రెండు వారాలపాటు కంపాస్‌కు ఆ పాట ఎక్కడా వినబడలేదు.

మార్చి 8న ఒక ఓడ న్యూయార్క్ నుంచి వచ్చింది. ఎప్పుడూ లేనిది ఆ ఏడాది రికార్డులు ఊళ్ళోకే దిగాయి, మూడు వందలు. యుద్ధం తర్వాత రమ్ము దుకాణాల్లో జ్యూక్‌బాక్సులు వచ్చాయి. నాణెం వేస్తే పాడతాయి. వాటికి నలభై రోజుల నియమం ఎవరూ పెట్టలేదు. పదకొండో తేదీ మధ్యాహ్నం కంపాస్ షార్లట్ స్ట్రీట్ మీద నడుస్తుంటే ఒక దుకాణంలోంచి తన గొంతు వినబడింది. లోపలికి వెళ్ళాడు.

"రా రా, కంపాసన్నా," అన్నాడు దుకాణదారు మొంతానో. "తపస్కాలంలో పాడుతున్నావే, నరకానికి టిక్కెట్టు కొనేశావా?"

"నేను పాడట్లేదు. పెట్టె పాడుతోంది. తియ్యి దాన్ని."

"ఎందుకు?"

"ఆ మనిషి కేసు ఇంకా తేలలేదు. మెడ మీదికొచ్చిన వ్యవహారం."

"తీశాననుకో. ఎదురుగా చైనావాడి కొట్లో ఉంది. రేవులో ఆరు కొట్లలో ఉంది. అమెరికావాళ్ళ సైనిక స్థావరం రేడియోలో పొద్దున, సాయంత్రం వేస్తున్నారు. న్యూయార్క్‌లో ఎవరో ముగ్గురమ్మాయిలు నీ పాట పాడారట, మధ్యలో నవ్వులు కలిపి. ఎన్నిచోట్ల తీయిస్తావు?" గ్లాసు తుడుస్తూ మొంతానో మళ్ళీ అన్నాడు. "ఇంకోడైతే పండగ చేసుకునేవాడు. నీ మొహం చూస్తే నీకే శిక్ష పడ్డట్టుంది."

కంపాస్ రికార్డు కంపెనీ మనిషి దగ్గరికి వెళ్ళాడు. కొళాయి మాట తను అల్లిందని ఒప్పుకుంటూ కొత్త పాట కట్టాననీ, దాన్ని వెంటనే రికార్డు చెయ్యమనీ అడిగాడు. వచ్చే జనవరిలో చూద్దామన్నాడు ఆ మనిషి.

కేసు ఏప్రిల్ 14, సోమవారం మొదలైంది. కంపాస్ మూడు రోజులూ గ్యాలరీలో కూర్చున్నాడు. రెండో రోజు పదకొండు గంటలకు ప్రాసిక్యూటరు క్లెమెంటీనా రోచ్‌ను పిలిచాడు. ఆమె బట్టలుతికి బతికే మనిషి, యాభై ఎనిమిదేళ్ళు. గౌవేయా దుకాణానికి రెండు సందుల అవతల ఉన్న కొళాయి దగ్గరే ఆమె రోజూ ఉతికేది. ఆ సాయంత్రం కట్టీ కొళాయి కింద కత్తి కడగడం చూశానని చెప్పింది. నీళ్ళు ఎర్రగా కాలువ పట్టి పారాయని చెప్పింది.

డిఫెన్సు వకీలు గ్రెల్ లేచాడు.

"డిసెంబరులో పోలీసులు అడిగితే ఏం చూడలేదన్నారు."

"అప్పుడు భయమేసిందండి."

"ఇది ఎప్పుడు చెప్పారు?"

"మార్చి నెలాఖర్లో."

"కట్టీ పాట విన్నారా?"

"విననివాళ్ళెవరండీ?" అంది క్లెమెంటీనా. గ్యాలరీలో నవ్వారు.

మధ్యాహ్నం విరామంలో కంపాస్ గ్రెల్‌ను మెట్ల మీద పట్టుకున్నాడు. "అయ్యా, ఆవిడ చెప్పింది నా పాట. మాటకు మాట నా పాటే. నేను అల్లాను."

"బోనెక్కి చెప్తావా?"

"చెప్తానండి."

"నిన్ను ఉతికి ఆరేస్తారు, చూసుకో."

"పర్లేదండి."

బుధవారం ఉదయం కంపాస్ బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. గ్రెల్ అడిగినవాటికి జవాబులు చెప్పడానికి ఆరు నిమిషాలు పట్టింది. తర్వాత ప్రాసిక్యూటరు లేచాడు.

"మీ పాటలో, నా రెండు కళ్ళతో చూశాను, ఒట్టు పెట్టి, అన్నారు."

"అన్నానండి."

"చూశారా?"

"లేదండి."

"ఎన్నిసార్లు పాడి ఉంటారు?"

"ఒక నూట ముప్ఫై సార్లండి."

"అంటే నూట ముప్ఫైసార్లు ఒట్టు పెట్టి అబద్ధం చెప్పారు."

"పాటలో అందరం ఒట్టు పెడతామండి. అది పాట పద్ధతి."

"నిరుడు రేవులో అమెరికా ఓడ మీద ఒక ఆవు టోపీ పెట్టుకుని నాట్యం చేసిందని పాడారు. అదీ మీ కళ్ళతోనే చూశారు."

కోర్టు నవ్వింది. జ్యూరీలో కూడా ఇద్దరు ముగ్గురు నవ్వారు. జడ్జి నిశ్శబ్దంగా ఉండమన్నాడు.

"చూశానన్నానండి."

"ఇవాళ కూడా ఒట్టు పెట్టే మాట్లాడుతున్నారు కదా?"

"ఇది కోర్టండి."

"జ్యూరీవారికి ఆ తేడా ఎలా తెలియాలి?"

ప్రాసిక్యూటరు కూర్చున్నాడు. జ్యూరీ యాభై నిమిషాలు లోపల ఉండి వచ్చింది. దోషి అంది. ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి కట్టీని అడిగాడు. "నేను కడగలేదు బాబూ. కడగాల్సిన పని పడలేదు," అన్నాడు కట్టీ. ఉరిశిక్ష వేశారు.

ఆ శనివారం కంపాస్ కొళాయి దగ్గరికి వెళ్ళాడు. క్లెమెంటీనా దుప్పట్లు పిండుతోంది.

"అమ్మా, నిజంగా చూశావా?"

"నువ్వు చూశావుగా నాయనా."

"నేను చూడలేదు. కోర్టులో చెప్పాను, విన్నావు కదా."

"విన్నాను. నీకేదో భయం పట్టుకుంది. నాకూ మొదట్లో అలాగే ఉండేది." ఆమె దుప్పటి రెండో కొస అతని చేతికిచ్చింది. "పట్టుకో, మెలిపెట్టు. ఇదిగో, ఇక్కడే నిలబడ్డాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాడు. నీళ్ళు అలా పోయాయి. ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది."

"చొక్కా చేతుల మాట పాటలో లేదు."

"లేదు మరి. అది నేను చూసింది."

"అమ్మా, ఆ మనిషిని చంపేస్తారు."

"నేనేం చెయ్యను నాయనా? చూడలేదని చెప్పి అబద్ధమాడనా?"

దుప్పటి పిండటం అయ్యేదాకా కంపాస్ ఆ కొస పట్టుకునే ఉన్నాడు.

మే 29న అప్పీలు కొట్టేశారు. క్షమాభిక్ష అర్జీ మీద కంపాస్, యూలలీ మూడు వారాలు తిరిగి 212 సంతకాలు పెట్టించారు. డేరాలో పాడిన పద్నాలుగు మందిలో తొమ్మిది మంది పెట్టారు. "చూశానన్నవాడు నువ్వు, సంతకం నేనా?" అన్నారు మిగతా ఐదుగురు. కొందరి ఇళ్ళల్లో పిల్లలు కంపాస్‌ను చూసి ఆ పాటే అందుకున్నారు. జులై 3న గవర్నరు కార్యాలయం నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. జోక్యం చేసుకోవడానికి కారణం కనబడలేదన్నారు.

ఉరికి ముందురోజు, జులై 7, సోమవారం మధ్యాహ్నం యూలలీని అరగంట జైలు లోపలికి పంపారు. బయటికి వచ్చాక కంపాస్ అడిగాడు.

"ఏమన్నాడమ్మా?"

"గాడిదని అమ్మొద్దన్నాడు. వీపు మీద పుండు మానిందా అని అడిగాడు."

"నా గురించేమైనా అన్నాడా?"

"లోపల వార్డర్లు కూడా పాడుకుంటారట. పాట బాగుందన్నాడు."

మర్నాడు, జులై 8 మంగళవారం ఉదయం, జైలు గేటు ఎదురుగా పేవ్‌మెంట్ మీద రెండు వందల మంది దాకా నిలబడ్డారు. కొందరు ప్రార్థన చదివారు. ఎనిమిదింటికి గంట కొట్టారు. తొమ్మిదీ పదికి ఒక వార్డరు బయటికి వచ్చి గేటుకు ఒక కాగితం అంటించాడు. యూలలీకి చదవడం రాదు. కంపాస్ చదివాడు. అందులో కత్‌బర్ట్ లెజామా పేరు, తేదీ, వేళ, డాక్టరు సంతకం ఉన్నాయి. ఆమె మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు.

శవాన్ని ఇవ్వరు. జైలు ఆవరణలోనే పూడుస్తారు. పది గంటలకు అదే వార్డరు ఒక పొట్లం తెచ్చాడు. చొక్కా, ప్యాంటు, టోపీ, ఒక జపమాల. రసీదు పుస్తకం తెరిచి చూపించాడు. యూలలీ అందులో వేలిముద్ర వేసింది.